వరసగా మూడు అరవై ఆర్లు

ఉత్తరంలో రెండో వాక్యం దాకా వచ్చేసరికి వెర్నా చేతిలోని కాఫీ కప్పు దానంతటదే బల్ల మీదికి దిగింది.

"మీరు నా జట్టుతో మీ ఇంట్లో ఆడి పంపిన చివరి మూడు ఆటల్లో అరవై ఆరు పదకొండుసార్లు పడింది. మూడో ఆట ఎనిమిదో ఇన్నింగ్స్‌లో అయితే వరసగా మూడుసార్లు పడింది. నిజంగా వేసిన పాచికలు ఇలా పడవు. ఆ మూడు ఆటల ఫలితాలూ రద్దు చేస్తున్నాను. మిమ్మల్ని లీగ్ నుంచి తొలగించాలా వద్దా అన్నది ఆదివారం ఫోన్లో ఓటు తీసుకుని తేలుస్తాం. ఇట్లు, హార్లన్ ప్రూయిట్, కార్యదర్శి."

పొయ్యి దగ్గర ఉల్లిపాయలు వేయిస్తున్న చెల్లెలు లోయిస్ వెనక్కి తిరిగింది.

"ఏంటక్కా, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు. నన్ను దొంగ అంటున్నాడు."

"ఎవడు?"

"హార్లన్."

"ఆ చచ్చినవాళ్ళ బంతాట హార్లనా? నేనింకా ఫ్యాక్టరీలో ఎవరో అనుకుని హడలి చచ్చాను."

లోయిస్ అన్న మాటలో అబద్ధమేం లేదు. ఈరీ సరస్సు ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎనిమిదిమంది కలిసి ఆడే లీగ్ అది. ఒక్కొక్కరిదీ ఒక్కో పాతకాలపు బేస్‌బాల్ జట్టు. వెర్నాది 1948 నాటి క్లీవ్‌లండ్. హార్లన్‌ది 1927 నాటి న్యూయార్క్. ఆ ఆటగాళ్ళలో సగంమంది ఏనాడో మట్టిలో కలిసిపోయారు. అయినా ఒక్కొక్కరికీ ఒక కార్డు ఉంది, ఆ కార్డు మీద ఆ మనిషి ఆడిన తీరంతా అంకెల్లో ఉంది. రెండు పాచికలు వేస్తారు. ఎర్రది పదుల స్థానం, తెల్లది ఒకట్ల స్థానం. పడిన అంకె పక్కన కార్డు మీద ఏముంటే అదే జరిగినట్టు. దాదాపు అందరి కార్డులోనూ అన్నిటికన్నా గొప్ప అంకె అరవై ఆరు.

అసలు సంగతి ఇంకొకటుంది. ఇదంతా ఉత్తరాల మీద నడిచే ఆట. ఎవరి జట్టు వేరే ఊరికి ఆడటానికి వెళ్ళాల్సి ఉంటే, వాళ్ళు ఒక కాగితం మీద బంతి ఎవరు వెయ్యాలో, ఎప్పుడు ఎవర్ని మార్చాలో రాసి పోస్టు చేస్తారు. ఆతిథ్యమిచ్చే మనిషి తన ఇంట్లో, తన బల్ల దగ్గర, ఒక్కడే కూర్చుని రెండు జట్లకూ పాచికలు వేస్తాడు. పడిన ప్రతి అంకెనూ సిరాతో రాస్తాడు. పై కాగితం ఎదుటివాడికి, ఒక కార్బన్ కాపీ కార్యదర్శికి, ఇంకొకటి తన దగ్గరికి. చూసేవాడు ఉండడు, అడిగేవాడు ఉండడు. ఉన్నదల్లా నమ్మకం. అందుకే ఆ లీగ్‌లో ఓడిపోవడం తప్పు కాదు, మర్చిపోవడం తప్పు కాదు. దొంగ అన్న మాట పడితే మాత్రం ఆ మనిషికి ఎనిమిది ఇళ్ళలోనూ తలుపు మూసుకున్నట్టే.

వెర్నా ఫోన్ తీసి హార్లన్ నంబరు తిప్పింది.

"హార్లన్ గారూ, ఉత్తరం అందింది."

"ఊఁ."

"మీకు అనుమానం వస్తే ఆరో నిబంధన ఉంది కదండీ. అనుమానించినవాళ్ళ ఇంట్లో, వాళ్ళ కళ్ళ ముందే, ఆ ఆటలు మళ్ళీ ఆడి చూపించాలి. మీరు రాసిన నిబంధనే. రేపు సాయంత్రం రమ్మంటారా?"

గుసగుసగా వచ్చింది జవాబు.

"అక్కర్లేదు."

"అక్కర్లేకపోవడమేంటండీ? అది నా హక్కు."

"ఇంటికి ఎవరూ రానక్కర్లేదన్నాను. ఆదివారం ఓటు." ఫోన్ పెట్టేశాడు.

వెర్నా రిసీవర్ వంక చూస్తూ నిలబడిపోయింది. హార్లన్ నిబంధనల మనిషి. నల్ల సిరా బదులు నీలం సిరాతో రాశారని ఒకసారి ఆరు ఆటల కాగితాలు తిప్పి పంపిన ఘనుడు. అలాంటివాడు తన నిబంధనను తనే దాటేస్తున్నాడు.

"ఆదివారం దాకా ఏడుస్తూ కూర్చుంటావా?" అంది లోయిస్, పళ్ళెం ముందు పెడుతూ.

"ఏడవను. ఆయన ఎందుకు భయపడుతున్నాడో కనుక్కుంటాను."

బుధవారం పొద్దున్న ఏడింటికి వెర్నా ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో మూడో వరస యంత్రాల మధ్య నిలబడి ఉంది. షాంపూ సీసాల మూతలు గలగలమంటూ తొట్టిలోకి రాలుతున్నాయి. పందొమ్మిదేళ్ళుగా ఆమె పని ఒకటే. మూత తియ్యడం, గేజ్ పెట్టడం, కొలత చూడడం, బాగుంటే వదలడం, లేకపోతే యంత్రం ఆపించడం. యంత్రం నడిపేవాళ్ళు కూడా అరగంటకోసారి ఒక మూత కొలిచి, అచ్చు కొలత కంటే ఎన్ని వెయ్యో వంతులు ఎక్కువుందో కాగితం మీద రాయాలి.

పదకొండో నంబరు యంత్రం మీద డ్వేన్ ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, నోట్లో ఎప్పుడూ చూయింగ్ గమ్. వెర్నా అతని పలకకు గుచ్చిన కాగితం తీసింది. మూడు, అయిదు, రెండు, నాలుగు, మూడు, అయిదు, నాలుగు, రెండు. ముందురోజు షిఫ్టంతా పదహారు అంకెలు, ముచ్చటగా, హద్దులోనే.

"డ్వేన్, నిన్న గేజ్ ముట్టుకున్నావా?"

"అదేం మాటండీ! పదహారుసార్లు కొలిచాను."

"పదహారుసార్లు కొలిస్తే ఒక్కసారైనా మూడు పక్కన మూడు పడదా? నాలుగు పక్కన నాలుగు పడదా?"

డ్వేన్ నమలడం ఆపాడు.

"నిజంగా కొలిచినవాడి కాగితం గతుకుల రోడ్డులా ఉంటుంది నాయనా. ఒకే అంకె రెండుసార్లు వస్తుంది, మూడుసార్లు వస్తుంది, ఉన్నట్టుండి ఎక్కడికో ఎగురుతుంది. కూర్చుని రాసేవాడికి మాత్రం పక్కపక్కన ఒకే అంకె రాయాలంటే చెయ్యి రాదు. ఎవరైనా పట్టేసుకుంటారేమోనని మారుస్తూ పోతాడు. ఆ మార్చడమే వాణ్ణి..."

అంతే. మాట నోట్లోనే ఆగిపోయింది.

"వాణ్ణి ఏంటండీ?" అన్నాడు డ్వేన్ బిక్కమొహంతో. "ఏమండీ, సూపర్‌వైజర్‌కి చెప్తారా?"

"ఈ తొట్టి మొత్తం మళ్ళీ కొలువు. అన్నీ బాగుంటే నేనేం చూళ్ళేదు." వెర్నా కాగితం అతని చేతిలో పెట్టింది. మూడింటి గంట ఎప్పుడు కొడుతుందా అని ఆ రోజు గోడ గడియారం వంక చూసినన్నిసార్లు ఎన్నడూ చూడలేదు.

ఇంటికి రాగానే కోటు కూడా విప్పకుండా అల్మరా కింది అరలోంచి అట్టపెట్టె లాగింది. ఈ చలికాలం తన క్లీవ్‌లండ్ జట్టు హార్లన్ ఇంట్లో ఆరు ఆటలు ఆడింది. ఆరు స్కోరు కాగితాలు. హార్లన్ చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. బల్ల మీద పరిచి, పెన్సిలు పట్టుకుని, పక్కపక్కన ఒకే అంకె ఎక్కడ పడిందో వెతకడం మొదలుపెట్టింది.

మొదటి ఆట. లేదు. రెండో ఆట. లేదు. మూడో ఆట సగంలో లోయిస్ వచ్చి పక్కన కూర్చుంది.

"దేనికోసం వెతుకుతున్నావ్?"

"లేనిదానికోసం."

ఆరు ఆటలు. దగ్గరదగ్గర అయిదొందల పాచికల వేతలు. ముప్ఫై ఆరు అంకెల్లో ఏదైనా పడొచ్చు కాబట్టి, ముప్ఫై ఆరు వేతలకు ఒకసారైనా ముందు పడిందే మళ్ళీ పడాలి. అంటే పదమూడో పద్నాలుగో చోట్ల ఉండాలి. ఒక్కటీ లేదు.

తనవి మూడు ఆటల కార్బన్ కాపీలు తీసింది. ఏడుచోట్ల ఉన్నాయి.

"దొంగ దొరికాడుగా!" అంది లోయిస్ చేతులు చరుస్తూ. "పాచికలు వెయ్యకుండా తోచింది రాసేశాడు! వాడు రాసి, నిన్ను దొంగ అంటాడా?"

"ఆగవే. ఒక చోట లెక్క కుదరడం లేదు." వెర్నా ఫలితాల గడిలో వేలు పెట్టింది. "మోసం చేసేవాడు గెలవాలి కదా. ఈ ఆరింటిలో నేను మూడు గెలిచాను, ఆయన మూడు గెలిచాడు."

ఓజీ ట్రింబుల్ క్షౌరశాల రెండు వీధుల అవతల. అతనిది 1906 నాటి చికాగో జట్టు. వెర్నా వెళ్ళేసరికి కుర్చీలో ఎవరూ లేరు, ఓజీ తన మీసమే అద్దంలో కత్తిరించుకుంటున్నాడు.

"రా వెర్నా రా. దొంగల రాణీ, రా. మా బీరువా తాళాలు భద్రంగా ఉన్నాయా లేదా చూసుకోనీ."

"నువ్వూ అలాగే ఓటేస్తావా?"

"నేనా? సీజన్లో నూటపదహారు గెలిచి చివర్లో బోర్లాపడ్డ జట్టు నాది. పాచికలు మనిషిని ఎంత ఏడిపిస్తాయో నాకు తెలుసు. నావరకు నీ వైపే. మిగతావాళ్ళు మాత్రం హార్లన్ ఎంత చెబితే అంత."

"ఈ చలికాలం ఆయన నీకు పంపిన కాగితాలు కావాలి. పోయిన ఏడాదివి కూడా."

ఓజీ దేన్నీ పారేసే రకం కాదు. వెనక గదిలోంచి బూట్ల డబ్బా తెచ్చాడు. ఇద్దరూ క్షవరం కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని, ఒళ్ళో పలకలు పెట్టుకుని లెక్కపెట్టారు. పోయిన ఏడాది ఆరు ఆటల్లో పద్నాలుగు చోట్ల ఒకే అంకె వెంటవెంటనే పడింది. ఒకచోట పదకొండు వరసగా మూడుసార్లు పడింది కూడా. ఈ ఏడాది ఆరు ఆటల్లో ఒక్కటీ లేదు. ఫలితం చూస్తే ఓజీకి మూడు, హార్లన్‌కు మూడు.

"మిగతా ఇద్దరితో కూడా మూడూ మూడే," అన్నాడు ఓజీ నెమ్మదిగా. "పట్టికలో చూసి అనుకున్నా, ఈసారి ముసలాడు ఎవరి మనసూ నొప్పించడం లేదేంటా అని. నాలుగు జట్లతో ఇరవై నాలుగు ఆటలు. అన్నీ ఉత్తుత్తివేనా?"

"నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్ పండగ తర్వాతవన్నీ."

ఓజీ కత్తెర పక్కన పెట్టాడు. "అప్పుడేగా ఆయన భార్య అడేల్‌ని హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చింది. పక్షవాతం. కుడి పక్కంతా పోయింది, మాట పోయింది. అప్పట్నుంచి ఇంటికి ఎవర్నీ రానివ్వడం లేదు. నేను సూప్ పట్టుకెళ్తే గుమ్మంలోనే గిన్నె తీసుకుని పంపేశాడు." వెర్నా వైపు తిరిగాడు. "ఇప్పుడేం చేస్తావ్? ఈ కాగితాలు ఆదివారానికి ముందే అందరికీ పంపితే నువ్వు బయటపడతావ్. ఆయన మాత్రం ఆ రోజుతో సరి. ఇరవై రెండేళ్ళు నడిపిన లీగ్."

వెర్నా కాగితాలు సర్దింది. నిన్న సాయంత్రం నుంచీ ఉన్న కోపానికి ఇప్పుడు ఆయుధం దొరికింది. దొరికాక అది చేతిలో బరువుగా ఉంది.

"ముందు ఆయన్ని అడుగుతాను," అంది.

శుక్రవారం నాలుగింటికి, చర్చి నేలమాళిగలో ప్రతి శుక్రవారం అమ్మే వేయించిన చేపల పొట్లాలు మూడు కట్టించుకుని, చంకలో ఆ కాగితాల కట్ట పెట్టుకుని హార్లన్ ఇంటి మెట్లెక్కింది. మెట్ల మీది మంచు ఎవరో బాగా గీకి ఉప్పు చల్లారు. తలుపు జానెడు తెరుచుకుంది. హార్లన్ మొహం సగం కనిపించింది. గడ్డం నున్నగా గీసుకుని ఉన్నాడు, చొక్కా గుండీలు మాత్రం ఒకటి తప్పి పెట్టుకున్నాడు.

"ఓటు ఆదివారం," అన్నాడు.

"తెలుసండీ. చేపలు తెచ్చాను."

"వద్దు."

"హార్లన్ గారూ, పన్నెండు ఆటల్లో వెయ్యి వేతలు లెక్కపెట్టాను. ముందు పడిన అంకె మళ్ళీ ఒక్కసారి కూడా పడలేదు. లోపలికి రమ్మంటే లోపల మాట్లాడతాను. లేదంటే ఇక్కడే మాట్లాడతాను, వీధి వీధంతా వింటుంది."

హార్లన్ కళ్ళు ఆ కాగితాల కట్ట మీదికి వెళ్ళాయి. మొహంలో కోపం రాలేదు. చాలాకాలంగా ఎవరో వస్తారని ఎదురుచూసి, వాళ్ళు రాగానే అలిసిపోయినవాడిలా తలుపు వదిలేశాడు.

మేడ మెట్లెక్కలేదు కాబట్టి అడేల్ మంచాన్ని ముందుగదిలోకే దించారు. చుట్టూ ఇనప ఊచలున్న హాస్పిటల్ మంచం. దిండ్ల మీద ఒరిగి కూర్చుని ఉందామె. కుడి చెయ్యి దుప్పటి మీద ఎవరో విడిచిన గ్లవ్‌లా పడి ఉంది. ఎడమ చెయ్యి ఊచ మీద ఉంది. ఆ మంచానికి చేయి చాపేంత దూరంలో భోజనాల బల్ల, దాని మీద స్కోరు కాగితాలు, సిరా సీసా, రెండు జట్ల కార్డులు. బల్ల మీద అన్నీ ఉన్నాయి. పాచికలు మాత్రం లేవు.

"నమస్కారం అడేల్ గారూ," అంది వెర్నా. అడేల్ కళ్ళు ఆమెను పట్టుకున్నాయి. నోరు ఒక పక్కకు కదిలింది.

హార్లన్ వెర్నాను బల్లకు అవతలి పక్కకు తీసుకెళ్ళి, గొంతు తగ్గించి మాట్లాడాడు.

"పాచికల చప్పుడు వింటే చాలు, కేకలు పెడుతుంది. ఊచ దబదబా బాదుతుంది. కళ్ళ వెంట నీళ్ళు. డాక్టరేమో ప్రశాంతంగా ఉంచమన్నాడు. తువ్వాలు పరిచి వేశాను. టోపీలో వేశాను. మొదటి వేతకే బాదడం మొదలుపెట్టేది. తీసి బీరువాలో పెట్టేశాను."

"మాకు చెప్తే ఆగేవాళ్ళం కదండీ."

"ఆగి? ఇంకొకర్ని పెట్టుకునేవాళ్ళు. పొద్దున్న లేస్తే ఈ గది, ఈ మందులు. అదొక్కటే ఉంది నాకు." ఆయన కార్డుల కట్టను సరిగ్గా ఉన్నా మళ్ళీ సర్దాడు. "ఎవర్నీ మోసం చెయ్యలేదు వెర్నా. ఒక్కొక్క ఆటగాడికీ అతని రికార్డు ఎంతో అంతే ఇచ్చాను. పూటలు పూటలు లెక్కలు కట్టి రాశాను. అందరికీ సమానంగా మూడూ మూడు."

"నేను ఆరుకి ఆరూ ఓడిపోయేదాన్నేమో. ఆ ఓటమి నాది. అది మీరు నాకివ్వాలి కదా."

హార్లన్ కుర్చీలో కూర్చున్నాడు.

"మీ కాగితం వచ్చినప్పుడు," అన్నాడు, "ఒట్టేసి చెప్తున్నాను, నిజంగానే దొంగతనం అనుకున్నాను. వరసగా మూడు అరవై ఆర్లు! రాత్రి నిద్ర పట్టలేదు. మూడు నెలలుగా నేను రాసిన అంకెలే నేను చూసుకుంటున్నాను. నున్నగా, పద్ధతిగా... పాచికలు అలా కూడా పడతాయని మర్చిపోయాను."

వెర్నా మూడు రోజులుగా దాచుకున్న మాటలు నాలుగైదు ఉన్నాయి. వాటిని పక్కన పెట్టేసింది. కోటు విప్పి కుర్చీకి తగిలించింది.

"ఆరో నిబంధన. పాచికలు తియ్యండి."

"వెర్నా, చెప్పాను కదా..."

"మీరు దొంగ అన్న మనిషిని. మీ కళ్ళ ముందు వేసి చూపించే హక్కు నాకుంది. ఒక్క ఆట. ఆవిడకి మరీ కష్టంగా ఉంటే ఆపేద్దాం."

ఆయన బీరువా తెరిచాడు. బల్ల మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచాడు. వెర్నా తోలు గ్లాసులో పాచికలు వేసుకుంది. తన ఇంట్లో ఆడిన ఆట కాబట్టి ముందు బ్యాటింగ్ అతిథి జట్టు న్యూయార్క్‌దే. గ్లాసు ఊపింది. హార్లన్ భుజాలు బిగుసుకున్నాయి, కళ్ళు మంచం మీదే ఉన్నాయి.

ఎర్రది రెండు, తెల్లది అయిదు. అవుట్. మంచం నుంచి చప్పుడు లేదు.

రెండో వేత. మూడో వేత. అడేల్ మెడ కాస్త ముందుకు చాచి చూస్తోంది. నాలుగో వేతకు ముగ్గురూ అవుటై న్యూయార్క్ ఇన్నింగ్స్ అయిపోయింది. హార్లన్ మొహంలో నమ్మలేనితనం.

వెర్నా తన క్లీవ్‌లండ్ కార్డు ముందుకు జరిపి గ్లాసు ఎత్తిందో లేదో, దబ్ దబ్ దబ్‌మని ఇనప ఊచ మోగింది. అడేల్ గొంతులోంచి కేక. కళ్ళలో నీళ్ళు.

"చూశారా! నేను చెప్పలేదూ! ఆపేయండి." హార్లన్ సగం లేచాడు.

"కూర్చోండి."

"మీకు జాలి లేదా?"

"ఒక్కసారి కొలిస్తే కొలత కాదండీ. కూర్చోండి."

పందొమ్మిదేళ్ళుగా యంత్రాల మధ్య నిలబడ్డ మనిషి గొంతు అది. హార్లన్ కూర్చున్నాడు. ఊచ మోగుతూండగానే వెర్నా క్లీవ్‌లండ్‌కు వేసింది. ముగ్గురు అవుటయ్యారు. మళ్ళీ న్యూయార్క్ కార్డు ముందుకు జరిపింది. ఊచ ఆగిపోయింది. అయిదు వేతలు పడ్డాయి, ఒక పరుగు వచ్చింది. అడేల్ నిశ్శబ్దంగా చూస్తోంది. క్లీవ్‌లండ్ కార్డు మీద చెయ్యి పెట్టింది వెర్నా. గ్లాసు ఇంకా ముట్టుకోనేలేదు.

దబ్.

వెర్నా కార్డు వదిలేసి వెనక్కి వాలింది.

"హార్లన్ గారూ, ఈ ఇంట్లో ఆడేటప్పుడు పాచికలు ఎవరు వేసేవారు?"

"నేనే."

"రెండు జట్లకూనా?"

హార్లన్ ఒక్కో మాటా కూడబలుక్కుని అన్నాడు.

"నా జట్టుకి నేను వేసేవాణ్ణి. ఎదుటి జట్టుకి... తనే వేసేది. రెండూ నేనే వేస్తే ఎవరైనా ఏదైనా అంటారని మొదట్లో తనే పట్టుబట్టింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి వేసి వెళ్ళేది." ఆయన దుప్పటి మీది ఆ కుడి చేతి వంక చూశాడు. "ఆ చేత్తోనే. ఆ చెయ్యి పోయింది కదా, అది గుర్తొచ్చి ఏడుస్తోందనుకున్నాను."

"మీ ఇంటి ఆటల్లో ముందు బ్యాటింగ్ ఎప్పుడూ ఎదుటి జట్టుదే. మొదటి వేతే ఆవిడది. మీరు మొదటి వేతకే ఆపేస్తూ వచ్చారు."

వెర్నా లేచి, రొట్టెలు కాల్చే వెడల్పాటి రేకు పళ్ళెం వంటింట్లోంచి తెచ్చి, తువ్వాలు తీసేసి, పళ్ళేన్ని మంచం మీద అడేల్ ఒడిలో పెట్టింది. తోలు గ్లాసు ఆమె ఎడమ అరచేతికి తాకించింది. వేళ్ళు దాని చుట్టూ ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి. అలవాటు లేని చెయ్యి. గ్లాసు వంకరగా లేచింది, ఒక పాచిక పళ్ళెంలో టంగుమంది, రెండోది ఎగిరి నేల మీద పడి బీరువా కిందికి దొర్లిపోయింది.

"కింద పడితే చెల్లదు," అన్నాడు హార్లన్ నిబంధన చెబుతూ. మోకాళ్ళ మీద వంగి, బీరువా కింద చెయ్యి పెట్టి ఆ పాచిక వెతికి తెచ్చి గ్లాసులో వేశాడు. "మళ్ళీ వెయ్యి."

రెండోసారి రెండూ పళ్ళెంలోనే పడ్డాయి. అడేల్ మెడ చాచి చూసింది. నోరు ఒక పక్కకే నవ్వింది, అయినా అది నవ్వే.

"ఎర్రది మూడు, తెల్లది ఒకటి," అంది వెర్నా కార్డు చూస్తూ. "సింగిల్! బాగా వేశారు అడేల్ గారూ."

"నా జట్టు మీద వెయ్యమంటే ఎప్పుడూ బాగానే వేస్తుంది," అన్నాడు హార్లన్. నల్ల సిరాలో కలం ముంచి, ముప్ఫై ఒకటి అని రాశాడు. రాసి ఆ అంకె వంక కాసేపు చూశాడు.

చేపలు చల్లారిపోయాయి. చల్లారినవే తిన్నారు. హార్లన్ చేప ముక్కలు చేసి, ముళ్ళు ఏరి అడేల్‌కు తినిపిస్తూ మధ్యమధ్య తన జట్టుకు వేసుకున్నాడు. ఆరో ఇన్నింగ్స్ వచ్చేసరికి న్యూయార్క్ అయిదు, క్లీవ్‌లండ్ ఒకటి. వెర్నా బంతి వేసే పిచ్చర్‌ను మార్చింది, లాభం లేకపోయింది. అప్పుడు హార్లన్ నాప్‌కిన్‌తో చేతులు తుడుచుకుని లేచాడు. వసారాలో గోడకున్న ఫోన్ తీశాడు.

"ఓజీ? నేను హార్లన్‌ని. ఆదివారం ఓటు లేదు. వెర్నా సొకోల్ పంపిన మూడు ఆటలూ నిజమైనవి, అన్నీ నిలుస్తాయి. పొరపాటు నాది. ఇంకోటి విను. థ్యాంక్స్‌గివింగ్ నుంచి నేను పంపిన ఇరవై నాలుగు ఆటలు... లేదు, ఒక్కటి కూడా వెయ్యలేదు. అవును. కూర్చుని రాశాను. అందరికీ నేనే ఉత్తరాలు రాస్తాను. కార్యదర్శి పని ఇక ఎవరికిస్తారో ఇచ్చుకోండి."

ఫోన్లో ఓజీ గొంతు గదిలోకి కూడా వినిపించేంత పెద్దది.

"ఇచ్చుకోవడానికి ఎవడున్నాడయ్యా తీసుకునేవాడు? నీ చేతిరాత ఎవడికొస్తుంది? ముందు నా ఆరు ఆటలు నాకు పడెయ్. నేనే వస్తా మీ ఇంటికి. గుమ్మంలో ఆపావంటే కిటికీలోంచి వస్తా. కత్తెర కూడా తెస్తా, నీ జుట్టు చూసి ఎన్నాళ్ళయిందో!"

హార్లన్ సరే అన్నట్టు తలూపాడు, ఫోన్లో అది కనబడదన్న సంగతి మర్చిపోయి. తర్వాత "సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

బల్ల దగ్గరికి వచ్చి వెర్నా ఎదురుగా నిలబడి, "క్షమించండి," అన్నాడు. "ఈ మాట ఉత్తరంలో కూడా రాసి అందరికీ పంపుతాను. మీ మూడు గెలుపులూ మీవే. ఇక ఈ ఆటతో మీకు పనిలేదు. చీకటి పడకముందే బయల్దేరండి, రోడ్డు మంచుగా ఉంది."

వెర్నా కుర్చీకి తగిలించిన కోటు వంక చూసింది. అయిదూ ఒకటితో ఓడిపోతున్న ఆట, ఎక్కడా లెక్కకు రాని ఆట. ఆరో ఇన్నింగ్స్‌లో క్లీవ్‌లండ్ బ్యాటింగ్. ఒకరు అవుట్, రెండో బేస్ మీద ఒక మనిషి.

దబ్, అని ఊచ మోగింది.

ఇద్దరూ తల తిప్పారు. అడేల్ గ్లాసు పట్టుకుని సిద్ధంగా ఉంది. మీ మాటలు తర్వాత అన్నట్టు చూస్తోంది.

"నేను వెళ్ళడానికి లేదండీ," అంది వెర్నా, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంటూ. "నా తరఫున ఆవిడ ఇంకా వేస్తున్నారు."

హార్లన్ కలం అందుకున్నాడు. అడేల్ పాచికలు వేసింది.